గురువుల వ్యాసాలు, శిష్యుల ముద్ర: అమెరికా లా స్కూల్ వార్తల వెనక కథ

అమెరికాలో ఏ స్టేట్ యూనివర్సిటీ లా స్కూల్ న్యూస్‌లెటర్ తిరగేసినా వార్తలు ఒకే మూసలో కనిపిస్తాయి. ఫలానా ప్రొఫెసర్ వ్యాసాన్ని ఫలానా లా రివ్యూ, అంటే న్యాయ పరిశోధన పత్రిక, తీసుకుంది. ఇంకొకరు శాసనసభ కమిటీ ముందు మాట్లాడారు. మరొకరికి ఒక దాత పేరు మీద ఉన్న ప్రొఫెసర్ పదవి దక్కింది. లాయర్ లైసెన్సు కోసం రాసే బార్ ఎగ్జామ్‌లో మా పిల్లలు ఇంత శాతం పాసయ్యారు. ర్యాంకుల్లో ఇన్ని మెట్లు ఎక్కాం. దిగిన ఏడాది మాత్రం ర్యాంకుల ఊసే ఉండదు, అది వేరే సంగతి.

వీటిలో చివరివి అర్థం చేసుకోవడానికి పెద్ద కష్టం లేదు. చిక్కంతా మొదటి దానితోనే. "వ్యాసాన్ని లా రివ్యూ తీసుకుంది" అన్న చిన్న వాక్యంలో ఒక వింత దాగుంది. ఆ తీసుకున్నది ఎవరు? సాటి ప్రొఫెసర్లు కారు, న్యాయమూర్తులు కారు, పేరుమోసిన లాయర్లూ కారు. లా స్కూల్లో రెండో ఏడాదో మూడో ఏడాదో చదువుతున్న కుర్రాళ్లు.

వైద్యంలోనైనా భౌతికశాస్త్రంలోనైనా పరిశోధన వ్యాసం రాస్తే అదే రంగంలో పండిపోయినవాళ్లు ఇద్దరు ముగ్గురు చదివి, తప్పులు పట్టి, సరేనంటేనే అచ్చవుతుంది. ఒక సమయంలో ఒక్క పత్రికకే పంపాలి. వాళ్లు కాదన్నాకే మరో గుమ్మం తొక్కాలి. అమెరికా న్యాయశాస్త్రంలో ఈ రెండు నియమాలూ తలకిందులు. ఎంపిక చేసేది విద్యార్థులు. పంపేది ఒకేసారి యాభై, అరవై పత్రికలకు. టెన్యూర్, అంటే ఉద్యోగం శాశ్వతం కావడం, ఈ కుర్రాళ్ల మెచ్చుకోలు మీద చాలావరకు ఆధారపడుతుందంటే మిగతా శాఖల ప్రొఫెసర్లు ఇప్పటికీ నమ్మలేనట్టు చూస్తారు.

ఈ పద్ధతికి పాదు పడింది హార్వర్డ్‌లో. అక్కడి విద్యార్థులు 1887లో లా రివ్యూ మొదలుపెట్టారు. అది గౌరవచిహ్నం అయిపోవడంతో మిగతా స్కూళ్లూ అదే బాట పట్టాయి. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీల కోవలో ముందే మేలుకుంది, 1902లో మిషిగన్ లా రివ్యూ వచ్చింది. ఇప్పుడు దాదాపు ప్రతి లా స్కూల్‌కీ కనీసం ఒక రివ్యూ ఉంది, పెద్ద స్కూళ్లకు అరడజను పైనే ఉంటాయి. లా రివ్యూలో చోటు దొరికిందంటే విద్యార్థి బయోడేటాకు మంచి బలం. పెద్ద జడ్జీల దగ్గర క్లర్కు (అంటే గుమాస్తా కాదు, తీర్పుల పనిలో సాయపడే యువ లాయర్) ఉద్యోగాలకు, పెద్ద లా ఫర్ములకు అదొక టికెట్ లాంటిది. అందుకే జీతం లేకపోయినా రాత్రింబవళ్లు పనిచేస్తారు. పత్రిక నడపడానికి యూనివర్సిటీకి పెద్దగా ఖర్చూ ఉండదు. ఎన్ని తిట్లు తిన్నా ఈ పద్ధతి నిలబడడానికి సగం కారణం ఇదే అని నా అనుమానం.

ఫిబ్రవరి వేలం

వ్యాసాలకు సీజన్లున్నాయి. పెద్దది ఫిబ్రవరి, మార్చి. పాత ఎడిటర్లు దిగిపోయి కొత్తవాళ్లు కుర్చీ ఎక్కేది అప్పుడే. రెండోది ఆగస్టు. ఈ రెండు సీజన్లకు కాస్త అటూ ఇటూ అయితే ఎంత మంచి వ్యాసమైనా చదివే నాథుడుండడు, ఎందుకంటే సంచికలు నిండిపోయి ఉంటాయి.

ఒక మధ్యస్థాయి స్టేట్ లా స్కూల్లో ప్రొఫెసర్ ఉన్నాడనుకుందాం. ఫిబ్రవరి మొదట్లో తన వ్యాసాన్ని అరవై రివ్యూలకు ఒక్క క్లిక్కుతో పంపాడు. పది రోజులు చప్పుడు లేదు. పదకొండో రోజు ర్యాంకుల్లో ఎక్కడో కింద ఉన్న స్కూల్ రివ్యూ నుంచి మెయిల్: మేం వేసుకుంటాం, శుక్రవారం సాయంత్రంలోగా చెప్పండి. ఇక్కడే అసలు ఆట మొదలవుతుంది. ఆ ఆఫర్‌ను పట్టుకుని ప్రొఫెసర్ తన కంటికి పైమెట్టులా కనిపించే ఇరవై రివ్యూలకు మెయిల్ పెడతాడు: నాకు ఫలానా చోట ఆఫర్ వచ్చింది, శుక్రవారం దాకే గడువు, దయచేసి ముందే చదవండి. దీన్ని వాళ్ల భాషలో ఎక్స్‌పెడైట్ అంటారు. అందులో ఒకరు గురువారం ఆఫర్ ఇచ్చారా, ఈసారి దాన్ని చూపించి ఇంకా పైవాళ్లకు ఉత్తరం. అలా నిచ్చెన మెట్లు ఎక్కుతూ, ఎక్కడ ఊపిరి ఆగితే అక్కడ ఒప్పుకుంటాడు. మొదట చెయ్యి చాచిన రివ్యూ ఎడిటర్లు మాత్రం రాత్రుళ్లు కూర్చుని చదివి, చర్చించి, ఓటేసి, చివరికి "థాంక్యూ, వేరే చోట ఒప్పుకున్నాను" అన్న రెండు లైన్లు అందుకుంటారు.

వందల వ్యాసాలు గుట్టపడ్డ చోట ఇరవై నాలుగేళ్ల ఎడిటర్ దేన్ని ముందు తెరుస్తాడు? రచయిత ఏ స్కూలో చూస్తాడు. మునుపు ఎక్కడ అచ్చయ్యాడో చూస్తాడు. మొదటి పేజీలో థాంక్స్ చెప్పిన పేర్లలో పెద్ద తలకాయలున్నాయా అని చూస్తాడు. అతణ్ని తప్పుపట్టలేం. పన్ను చట్టం మీదో సముద్ర చట్టం మీదో వచ్చిన వ్యాసం కొత్తదో పాతదో తేల్చే జ్ఞానం ఆ వయసులో ఎవరికీ ఉండదు. కొన్ని పత్రికలు పేరు దాచి చదువుతాయి, కొన్ని ప్రొఫెసర్ల అభిప్రాయం అడుగుతాయి. అయినా గాలి ఎటు వీస్తుందో అందరికీ తెలుసు. సొంత స్కూల్ ప్రొఫెసర్ల వ్యాసాలకు రివ్యూలు ఎక్కువ చోటిస్తాయనీ, అలా వచ్చిన వ్యాసాలను తర్వాత ఇతరులు తక్కువగా ఉదహరిస్తారనీ 2013లో ఒక అధ్యయనం లెక్కలు తీసి చూపించింది.

అయితే ఈ కుర్రాళ్లు ఒక పని మాత్రం ప్రపంచంలో ఏ పత్రికా చేయనంత శ్రద్ధగా చేస్తారు. ఫుట్‌నోట్లు సరిచూడడం. లా రివ్యూ వ్యాసంలో దాదాపు ప్రతి వాక్యం కింద ఒక ఆధారం ఉండాలి. మూడు నాలుగు వందల ఫుట్‌నోట్లంటే ఆశ్చర్యపోయేవాళ్లు లేరు. రెండో ఏడాది విద్యార్థికి ఓ ముప్పై ఫుట్‌నోట్లు అప్పగిస్తారు. వాటిలో చెప్పిన ప్రతి తీర్పూ, పుస్తకమూ వెతికి, అసలు పేజీ స్కాన్ తెచ్చి, కోట్ చేసిన మాట అక్షరం పొల్లుపోకుండా ఉందా, చెప్పిన పేజీలోనే ఉందా అని చూడాలి. తర్వాత బ్లూబుక్ వంతు. ఆధారాలను ఎలా రాయాలో చెప్పే నియమాల పుస్తకం ఇది. 1926లో మొదటిసారి వచ్చినప్పుడు 26 పేజీలు, ఇప్పుడు వందల పేజీలు. "సీ, ఇ.జి.," అని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మొదటి కామా ఇటాలిక్‌లో ఉండాలి, రెండో కామా మామూలుగా ఉండాలి. ఈ తేడాను స్క్రీన్ మీద కంటితో పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అర్ధరాత్రి లైబ్రరీలో ఆ కామా మీద ఇద్దరు వాదించుకుంటుంటే వాళ్ల భవిష్యత్ క్లయింట్లు చూస్తే ఏమనుకుంటారో మరి.

వ్యాసాలు బారెడు కావడానికీ ఇదే కారణం. 2005లో హార్వర్డ్, యేల్, మిషిగన్, టెక్సాస్, వర్జీనియా లాంటి పెద్ద రివ్యూలు కలిసి, ఇకపై కుదించి రాయండి బాబూ అని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. హార్వర్డ్ రివ్యూ కోరిన నిడివి 25,000 పదాల లోపు. కుదించమన్నాక మిగిలిన హద్దు అది.

కాంట్, బల్గేరియా

తిట్టడం కొత్తేమీ కాదు. యేల్ ప్రొఫెసర్ ఫ్రెడ్ రోడెల్ 1936లోనే లా రివ్యూలకు వీడ్కోలు చెబుతూ ఒక వ్యాసం రాశాడు. న్యాయరచనలో రెండే లోపాలున్నాయి, ఒకటి శైలి, రెండోది అందులోని విషయం అన్నది దాని సారాంశం. దాన్ని అచ్చేసింది కూడా ఒక లా రివ్యూనే, వర్జీనియాది.

2011లో అమెరికా చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ ఒక సమావేశంలో ఇదే పాట అందుకున్నారు. ఏ లా రివ్యూ తీసినా 18వ శతాబ్దపు బల్గేరియాలో సాక్ష్యాల చట్టం మీద జర్మన్ తత్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ ప్రభావం లాంటి వ్యాసమే కనిపిస్తుంది, లాయర్‌కు దానితో పనేమిటని ఎద్దేవా చేశారు. ఓరిన్ కెర్ అనే ప్రొఫెసర్ ఊరుకోకుండా 2015లో సరిగ్గా అదే శీర్షికతో ఒక చిన్న వ్యాసం రాశాడు. అప్పట్లో బల్గేరియా ఆటోమన్ పాలనలో ఉండేది, కాంట్ ప్రభావం అక్కడికి చేరినట్టు కనబడదని తేల్చాడు. ఈ రంగంలో నాకు నచ్చిన పరిశోధనల్లో అదొకటి. అడిగిన ప్రశ్నకు కొన్ని పేజీల్లో జవాబిచ్చింది.

హాస్యం పక్కన పెడితే, కొన్ని లెక్కలు బాధించేవే. రెండు దశాబ్దాల కింద ఒక పరిశోధకుడు పెద్ద డేటాబేస్ తీసి చూస్తే, లా రివ్యూ వ్యాసాల్లో 43 శాతాన్ని ఆ తర్వాత ఒక్కరు కూడా ఉదహరించలేదు. వాటినీ కలుపుకుంటే, పదో అంతకంటే తక్కువో ప్రస్తావనలతో సరిపెట్టుకున్నవి 79 శాతం. కాబట్టి న్యూస్‌లెటర్‌లో కనిపించే ప్రతి శుభవార్తనూ కాస్త అనుమానంగానే చదవాలి.

అయినా మొత్తం కొట్టిపారేయలేం. అది ఎందుకో తెలియాలంటే ఒక వ్యాసం ప్రయాణం చూడాలి.

పిండి ప్రకటనలో బొమ్మ

1890 డిసెంబర్‌లో శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే ఇద్దరు బోస్టన్ లాయర్లు హార్వర్డ్ లా రివ్యూలో గోప్యత హక్కు మీద ఒక వ్యాసం రాశారు. చేతిలో ఇమిడే కెమెరాలు వచ్చిన కాలం, ఇళ్లలోని ముచ్చట్లు పత్రికలకెక్కుతున్న కాలం. మనిషిని అతని మానాన వదిలేయాలనే హక్కు పాత చట్టాల్లోనే దాగి ఉందనీ, కోర్టులు దాన్ని బయటికి తీయాలనీ వాదన.

పన్నెండేళ్లకు పరీక్ష వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌కు చెందిన అబిగెయిల్ రాబర్సన్ అనే అమ్మాయి ఫొటోను ఆమెకు చెప్పకుండానే ఒక పిండిమిల్లు ప్రకటనల్లో వేశారు, దాదాపు 25,000 కాపీలు. తెలిసినవాళ్లు గుర్తుపట్టి ఆటపట్టిస్తుంటే ఆమె జబ్బుపడింది. 1902లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు నాలుగు, మూడు ఓట్ల తేడాతో, అలాంటి హక్కేదీ చట్టంలో లేదని తీర్పిచ్చింది. వారెన్, బ్రాండైస్‌ల వ్యాసాన్ని చదివి మరీ కాదంది. జనం భగ్గుమన్నారు. మరుసటి ఏడాదే న్యూయార్క్ శాసనసభ, అనుమతి లేకుండా వ్యాపారానికి ఒకరి పేరునూ ఫొటోనూ వాడుకోకూడదని చట్టం చేసింది. 1905లో అలాంటి కేసే జార్జియాకు వచ్చింది. ఒక చిత్రకారుడి ఫొటోను బీమా కంపెనీ పత్రికా ప్రకటనలో వాడుకుంది. జార్జియా సుప్రీంకోర్టు మాత్రం హక్కు ఉందని చెప్పింది.

తర్వాత యాభై ఏళ్లపాటు ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి. కేసులు మూడు వందలు దాటాయి. దేన్ని గోప్యత అంటున్నారో ఎవరికీ స్పష్టత లేదు. అప్పుడు రంగంలోకి దిగింది ఒక స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ లా స్కూల్ డీన్ విలియం ప్రాసర్, ఆ కేసులన్నీ కుప్పేసుకుని కూర్చుని, 1960లో సొంత స్కూల్ పత్రిక కాలిఫోర్నియా లా రివ్యూలో ఒక వ్యాసం రాశాడు. ఇది ఒక్క హక్కు కాదు, నాలుగు వేర్వేరు తప్పులు అన్నాడు: ఒకరి ఏకాంతంలోకి చొరబడడం, సొంత విషయాలను బట్టబయలు చేయడం, మనిషిని లేని రంగులో జనానికి చూపించడం, పేరునూ ముఖాన్నీ సొంత లాభానికి వాడుకోవడం. పిండి ప్రకటన నాలుగో దాని కిందికి వస్తుంది.

వ్యాసం తెలివైనదా అంటే వాదించవచ్చు. గోప్యత అనే పెద్ద భావనను నాలుగు డబ్బాల్లో కుక్కేశాడని ఇప్పటికీ విమర్శ ఉంది. కానీ జడ్జికి కావలసింది డబ్బాలే. ముందున్న కేసు ఏ డబ్బాలో పడుతుందో తేలితే తీర్పు రాయడం తేలిక. న్యాయనిపుణుల సంస్థ అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ 1977లో అచ్చేసిన రీస్టేట్‌మెంట్‌లో, అంటే కోర్టులు చెప్పిన సూత్రాలను క్రోడీకరించే పుస్తకంలో, అవే నాలుగు చేరాయి, రాష్ట్రాల కోర్టులు ఒకదాని వెనక ఒకటి వాటినే వాడుకున్నాయి. మన సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పినప్పుడు కూడా 1890 నాటి ఆ బోస్టన్ వ్యాసం చర్చకు వచ్చింది.

ఈ ప్రయాణం ఇప్పుడు ఇంకా పొట్టిదయింది. 2017 జనవరిలో లీనా ఖాన్ అనే విద్యార్థిని అమెజాన్ గుత్తాధిపత్యం మీద యేల్ లా జర్నల్‌లో విద్యార్థుల విభాగంలో ఒక వ్యాసం రాసింది. 2021 జూన్‌కు ఆమె, గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు చైర్‌పర్సన్ అయింది.

రాష్ట్రం పేరు, రాష్ట్రం పని

స్టేట్ యూనివర్సిటీ లా స్కూల్ ప్రత్యేకత ఎక్కడుందంటే, కాళ్లు నేలమీద ఉండడంలో. దీనికి నాకు తోచిన గొప్ప ఉదాహరణ విస్కాన్సిన్. అక్కడి స్టేట్ యూనివర్సిటీ లా స్కూల్లో స్టూవర్ట్ మెకాలే అనే కుర్ర ప్రొఫెసర్‌కు కాంట్రాక్ట్ చట్టం బోధించే పని అప్పగించారు. పుస్తకంలో ఉన్నది బయట జరుగుతోందా అని అనుమానం వచ్చి, రాష్ట్రంలోని వ్యాపారుల దగ్గరికే వెళ్లి అడిగాడు. 43 కంపెనీలు, ఆరు లా ఫర్ములు, మొత్తం 68 మంది. తేలింది ఏమిటంటే, వ్యాపారులు చాలాసార్లు కాంట్రాక్ట్‌ను సరిగ్గా చదవనే చదవరు. సరుకు ఆలస్యమైతే ఫోన్ చేసి మాట్లాడుకుంటారు. మళ్లీ ఆ మనిషితో వ్యాపారం చేయాలనుకునేవాడు షరతులు చదివి వినిపించడు. 1963లో ఆయన రాసిన ఈ వ్యాసం ఇవాళ్టికీ కాంట్రాక్ట్ చట్టం చదివేవాళ్లందరూ తగలక తప్పని మైలురాయి. అచ్చయింది ఏ లా రివ్యూలోనూ కాదు, సమాజశాస్త్ర పత్రికలో.

న్యూ మెక్సికో యూనివర్సిటీ లా స్కూల్ 1961 నుంచి నేచురల్ రిసోర్సెస్ జర్నల్ నడుపుతోంది. నీళ్లు కరువైన రాష్ట్రంలో నదీజలాల పంపకం చట్టం ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. కానీ ఆ నీటి తగాదా మీద రాసిన వ్యాసాన్ని తూర్పు తీరంలోని ప్రైవేటు స్కూల్ రివ్యూ కుర్రాళ్లు తీసుకుంటారా? రాజ్యాంగం మీదో, సుప్రీంకోర్టు మీదో అయితే వెంటనే తీసుకుంటారు, ఎందుకంటే వాళ్లకు తెలిసింది అది. దీనితో యువ ప్రొఫెసర్‌కు ఒక పాఠం అర్థమవుతుంది: పైకి రావాలంటే తన రాష్ట్రానికి పనికొచ్చేది తక్కువగా, దేశమంతా మాట్లాడుకునేది ఎక్కువగా రాయాలి. జీతంలో కొంత రాష్ట్రం పన్నుల నుంచి వచ్చినా సరే. ఈ వ్యవస్థలో నాకు అన్నిటికంటే మింగుడుపడనిది ఇదే. కామాల గొడవ దీని ముందు పిల్లలాట.

ర్యాంకులు దీన్ని ఇంకా బిగించాయి. యూఎస్ న్యూస్ పత్రిక 1990 నుంచి ఏటా లా స్కూళ్లకు ర్యాంకులిస్తోంది. చాలా ఏళ్లపాటు అందులో నాలుగో వంతు మార్కులు సాటి విద్యావేత్తల అభిప్రాయానివి. ఆ ఓటర్లు ఒక్కో స్కూల్ నుంచి నలుగురే: డీన్, చదువుల వ్యవహారాలు చూసే అసోసియేట్ డీన్, నియామకాల కమిటీ చైర్మన్, అందరికంటే ఇటీవల టెన్యూర్ వచ్చిన ప్రొఫెసర్. దాదాపు 200 స్కూళ్లకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయాలి. ఎవరైనా ఎన్ని స్కూళ్ల గురించి నిజంగా తెలుసుకోగలరు? అందుకే శరదృతువులో, ఓటింగ్ పత్రాలు వచ్చే ముందు, ఆ నలుగురి టేబుళ్ల మీద మిగతా స్కూళ్ల రంగురంగుల బ్రోషర్లు గుట్టలు పడతాయి. మొదట్లో చెప్పిన వార్తలన్నీ వాటిలో ఉంటాయి. అవి విద్యార్థుల కోసమో, రాష్ట్ర ప్రజల కోసమో రాసినవి అనుకుంటే పొరపాటు. వాటిలో చాలావాటికి అసలు పాఠకులు ఆ నలుగురే.

2022 నవంబర్ 16న యేల్, హార్వర్డ్ ఈ ర్యాంకులకు ఇకమీద సమాచారం ఇవ్వబోమన్నాయి. మర్నాడే బర్కిలీ చేరింది, తర్వాతి వారాల్లో మిషిగన్, యూసీఎల్ఏ, వర్జీనియా. బర్కిలీ చెప్పిన కారణాల్లో స్టేట్ స్కూల్ గొంతు వినిపిస్తుంది. ఒక్కో విద్యార్థి మీద ఎంత ఖర్చు పెడితే అన్ని మార్కులిచ్చే పద్ధతిలో, ఫీజు తగ్గించి నడిపే స్కూల్ నష్టపోతుంది కదా. యూఎస్ న్యూస్ ర్యాంకులు ఆపలేదు, బయట దొరికే లెక్కలతో కొనసాగించింది. కానీ 2023లో సూత్రం మార్చింది. ఆ ఖర్చు లెక్క తీసేసింది. విద్యావేత్తల అభిప్రాయం వాటాను 25 నుంచి 12.5 శాతానికి తగ్గించింది. ఉద్యోగాల వాటా 33 శాతమైంది. అప్పటి నుంచి న్యూస్‌లెటర్లలో బార్ ఎగ్జామ్ ఫలితాలు, ఉద్యోగాల అంకెలు ముందుకొచ్చాయంటే ఆశ్చర్యమేముంది. వ్యాసాలను ఎంతమంది ఉదహరించారో లెక్కగట్టి దానికీ విడిగా ర్యాంకు ఇవ్వాలని యూఎస్ న్యూస్ 2019లో అనుకుంది. ప్రొఫెసర్లు గగ్గోలు పెట్టాక 2021లో వదిలేసింది.

డబ్బిచ్చేవాడి చూపు

స్టేట్ స్కూల్‌కు ఉన్న ఇంకో టెన్షన్ ప్రైవేటు స్కూళ్లకు ఈ మోతాదులో ఉండదు. బడ్జెట్ శాసనసభ చేతిలో ఉంటుంది. పాలకమండలిలో ఎవరుండాలో చాలాచోట్ల రాజకీయ నాయకులే తేలుస్తారు.

2010లో మేరీలాండ్ యూనివర్సిటీ లా స్కూల్ క్లినిక్, అంటే ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు నిజమైన కేసులు నడిపే విభాగం, పర్యావరణ సంస్థల తరఫున ఒక కోళ్ల ఫారం మీదా, పెర్డ్యూ అనే పెద్ద చికెన్ కంపెనీ మీదా నీటి కాలుష్యం కేసు వేసింది. కోళ్ల పరిశ్రమ ఆ రాష్ట్రంలో బలమైనది. క్లినిక్ క్లయింట్లెవరో, ఖర్చెంతో చెప్పకపోతే నిధులు ఆపుతామని శాసనసభ్యులు బడ్జెట్‌లోనే షరతు పెట్టబోయారు. దేశవ్యాప్తంగా లా స్కూళ్లు నిరసన తెలిపాక షరతు చాలావరకు నీరుగారింది. కేసు మాత్రం 2012 చివర్లో కంపెనీ గెలిచింది. 2017లో నార్త్ కరోలినా యూనివర్సిటీల పాలకమండలి ఇంకో అడుగు ముందుకేసి, అక్కడి లా స్కూల్‌లోని పౌరహక్కుల కేంద్రం కోర్టుల్లో కేసులు వేయకూడదని తేల్చేసింది. అందులోని లాయర్లు బయటికొచ్చి డర్హమ్‌లో వేరే సంస్థ పెట్టుకున్నారు.

ఈమధ్య వార్తల్లో తరచూ కనిపించే అక్రిడిటేషన్ గొడవ కూడా ఈ కోవలోదే. చాలా రాష్ట్రాల్లో బార్ ఎగ్జామ్ రాయాలంటే అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తించిన లా స్కూల్లో చదివుండాలి. వైవిధ్యం మీద ఆ సంఘం పెట్టిన ప్రమాణంపై రాజకీయ ఒత్తిడి పెరగడంతో 2025 ఫిబ్రవరిలో దాన్ని సంఘమే నిలిపివేసింది. అంతటితో ఆగలేదు. ఏప్రిల్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు, అసలు ఈ సంఘం గుర్తింపు మనకు అవసరమా అని అభిప్రాయాలు కోరింది. సెప్టెంబర్‌లో, ఇకపై దానిదే చివరి మాట కాకూడదని తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. దీని మంచిచెడ్డల మీద రెండు వైపులా గట్టి వాదనలున్నాయి. విద్యార్థికి మాత్రం ప్రశ్న ఒకటే: ఒక రాష్ట్రంలో చదివిన డిగ్రీ పక్క రాష్ట్రంలో బార్ ఎగ్జామ్‌కు పనికొస్తుందా?

పదహారు వేల పుస్తకాలు, అరవై ఐదు వేల పుస్తకాలు

లా స్కూల్‌కు ఉండే పేరు, పరపతి లాంటివాటిని కొలవడం ర్యాంకుల వాళ్లు కనిపెట్టినదేం కాదు. అంతకు చాలాముందే ఆ పని అమెరికా సుప్రీంకోర్టు చేసింది. అది కూడా ఒక స్టేట్ యూనివర్సిటీ విషయంలో.

హ్యూస్టన్‌లో ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్ హీమన్ మారియన్ స్వెట్ 1946 ఫిబ్రవరిలో టెక్సాస్ యూనివర్సిటీ లా స్కూల్‌లో సీటుకు దరఖాస్తు పెట్టాడు. అర్హతలున్నాయి. నల్లజాతివాడు కాబట్టి ఇవ్వలేమన్నారు. అతను కోర్టుకెక్కాడు. మిస్సోరీ రాష్ట్రం ఇలాగే ఒకరికి సీటు నిరాకరించి, కావాలంటే పక్క రాష్ట్రంలో చదువుకో, ఫీజు మేం కడతాం అంటే, అది కుదరదని సుప్రీంకోర్టు 1938లోనే చెప్పి ఉంది. అందుకని టెక్సాస్ ఇంకో ఎత్తు వేసింది. కేసు నడుస్తుండగానే నల్లజాతివారికి విడిగా ఒక లా స్కూల్ తెరిచింది. మొదట ఆస్టిన్‌లో ఒక భవనం నేలమాళిగలో కొన్ని గదులు. స్వెట్ అందులో చేరనన్నాడు. అతని తరఫున వాదించినవారిలో, తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన థర్‌గుడ్ మార్షల్ ఉన్నాడు.

1950 జూన్ 5న చీఫ్ జస్టిస్ ఫ్రెడ్ విన్సన్ తీర్పు చదివారు. ఏకగ్రీవం. తీర్పులో రెండు స్కూళ్లనూ పక్కపక్కన పెట్టి లెక్కలు రాశారు. టెక్సాస్ యూనివర్సిటీ స్కూల్‌లో 16 మంది పూర్తికాలం అధ్యాపకులు, 850 మంది విద్యార్థులు, లైబ్రరీలో 65,000 పుస్తకాలు. నల్లజాతివారి స్కూల్‌లో ఐదుగురు అధ్యాపకులు, 23 మంది విద్యార్థులు, 16,500 పుస్తకాలు. మొదటి స్కూల్‌లో మూట్ కోర్టు (విద్యార్థులు వాదన సాధన చేసే నమూనా కోర్టు) ఉంది, స్కాలర్‌షిప్ నిధులున్నాయి, ఒక లా రివ్యూ ఉంది. ఆ రివ్యూలో ఏం అచ్చవుతుందన్న మాట తీర్పులో లేదు, ఉందన్న మాటే ఉంది. ఇవన్నీ ఒక ఎత్తయితే, అంకెల్లో కొలవలేనివి ఇంకో ఎత్తు అన్నారు: అధ్యాపకుల పేరు, పూర్వ విద్యార్థుల పరపతి, సమాజంలో స్కూల్‌కు ఉన్న స్థానం, సంప్రదాయం, ప్రతిష్ఠ. ఈ రెండు స్కూళ్లలో ఎందులోనైనా చేరే అవకాశం ఉన్నవాడు ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా అని అడిగారు.

స్వెట్ ఆ సెప్టెంబర్‌లో చేరాడు. నాలుగేళ్ల పోరాటం అతణ్ని అప్పటికే పిప్పి చేసింది. ఆరోగ్యం చెడింది, కాపురం విడిపోయింది. 1952లో డిగ్రీ లేకుండానే లా స్కూల్ వదిలేశాడు. తర్వాత అట్లాంటాలో సోషల్ వర్క్‌లో మాస్టర్స్ చేశాడు. అతణ్ని చేర్చుకోకుండా ఆపడానికి పెట్టిన స్కూల్ హ్యూస్టన్‌లో ఇప్పటికీ నడుస్తోంది, థర్‌గుడ్ మార్షల్ స్కూల్ ఆఫ్ లా అనే పేరుతో. అది కూడా స్టేట్ యూనివర్సిటీదే. ఆస్టిన్‌లోని ట్రావిస్ కౌంటీ కోర్టు భవనానికి 2005లో స్వెట్ పేరు పెట్టారు.